జవాబు కాగితం మీదకు రావాలంటే

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టసభల్లో అడిగే ప్రశ్నల గురించి మాట్లాడమన్నారు. నేను చదివింది పదో తరగతి వరకే. లా పుస్తకాలు చదివినవాణ్ని కాను. అయితే సంఘం తరఫున ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ప్రశ్నలు రాసిచ్చే పని కొన్నేళ్లుగా చేస్తున్నా. ఆ పనిలో తెలిసిన సంగతులే చెప్తా. మధ్యలో అనుమానం వస్తే ఆపి అడగండి, నేనేమీ అనుకోను.

మనకు బాగా అలవాటైన పని వినతిపత్రం. ధర్నా చేస్తాం, మంత్రిగారు జిల్లాకు వస్తే ఎదురుపోయి వినతిపత్రం ఇస్తాం, ఆయన చిరునవ్వుతో తీసుకొని వెనకున్న పీఏ చేతికి ఇస్తాడు, మనం ఫొటో దిగుతాం. మర్నాడు జిల్లా పేజీలో బొమ్మ వస్తుంది. ఆ తర్వాత ఆ కాగితం ఎటు పోయిందో మనకూ తెలియదు, పీఏకూ తెలియదు. వినతిపత్రానికి మంత్రి జవాబిచ్చి తీరాలన్న నిబంధన ఎక్కడా లేదు. అదే సంగతిని ఒక సభ్యుడు సభలో ప్రశ్నగా వేసి, స్పీకర్ దాన్ని అనుమతిస్తే, మంత్రి జవాబు చెప్పాల్సిందే. ఆ జవాబు అచ్చవుతుంది. దాని మీద తేదీ ఉంటుంది, ప్రశ్న నంబరు ఉంటుంది, మంత్రి పేరు ఉంటుంది. మైకు ముందు చెప్పిన మాటను "నేనట్లా అనలేదు, వక్రీకరించారు" అని తప్పించుకోవచ్చు. సభ ముందు పెట్టిన కాగితాన్ని అట్లా తప్పించుకోలేరు.

ఈ హక్కు మనకు ఊరికే రాలేదు. తెల్లదొరల కాలంలో 1892 చట్టంతో కౌన్సిల్ సభ్యులకు ప్రశ్న అడిగే వీలు వచ్చింది. 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా మొట్టమొదటి ప్రశ్న వేశాడు. ఆయన దేని గురించి అడిగాడో వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. అధికారులు పర్యటనకు వచ్చినప్పుడు వాళ్ల పరివారానికి సామాన్లు సమకూర్చలేక ఊళ్లలో దుకాణాలవాళ్లు పడుతున్న ఇబ్బంది గురించి అడిగాడు. అంటే మన దగ్గర వెట్టి అన్నామే, దాదాపు అదే. గిర్దావరు ఊళ్లోకి దిగితే ఎవరింట్లో కోడి పోయేదో, ఎవరింట్లో నెయ్యి పోయేదో మన తాతలు చెప్పగా విన్నాం. దేశంలో మొదటి ప్రశ్నే ఊరివాళ్ల కష్టం మీద, అధికారుల దోపిడీ మీద వచ్చింది. అడిగింది ఒక రాజా అయితేనేం, ప్రశ్న మనదే.

ఇప్పుడు పద్ధతి ఎట్లా ఉందో చూద్దాం. లోక్‌సభలో ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్రం గుర్తు ఉన్నవి, లేనివి. నక్షత్రం ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్తాడు, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. ఇవి రోజుకు 20 మాత్రమే. నక్షత్రం లేనివాటికి రాతపూర్వకంగా జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలు ఉండవు. ఇవి రోజుకు 230. రాజ్యసభలో నక్షత్రం ఉన్నవి 15, లేనివి 160. టీవీలో కనిపించేది మొదటి రకమే. అక్కడ కూడా గంటలో నాలుగైదు ప్రశ్నలు దాటడమే గగనం, మిగిలినవాటికి జవాబులు రాతలోనే ఇస్తారు. కాబట్టి టీవీలో కనిపించేదాన్ని చూసి సభ అంతా అరుపులే అనుకోవద్దు. ఆ అరుపుల రోజున కూడా కాగితాల మీద జవాబులు సభ ముందుకు వస్తూనే ఉంటాయి. సభ పది నిమిషాల్లో వాయిదా పడినా ఆ రోజు జవాబులు రికార్డులోకి పోతాయి.

నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఒక్కో శాఖకు వారంలో ఒక్కో రోజు. ఒకే రోజుకు వచ్చిన నోటీసులన్నీ చీటీ వేసినట్టు బ్యాలెట్ వేస్తారు, అందులో వచ్చిన వరుసను బట్టి జాబితాలోకి ఎక్కుతాయి. మన ప్రశ్న ఒక్క ఎంపీకే ఇస్తే బ్యాలెట్‌లో రాకపోవచ్చు. అందుకే ముగ్గురు నలుగురికి, వేర్వేరు పార్టీలవాళ్లకు ఇవ్వాలి. ఇందులో మొహమాటం పెట్టుకోవద్దు. తెలంగాణ నుంచి లోక్‌సభకు 17 మంది, రాజ్యసభకు ఏడుగురు ఉన్నారు. వాళ్లలో కేంద్ర మంత్రులైనవాళ్లు ప్రశ్నలు వేయరు, మిగతావాళ్లు వేయవచ్చు. మన ఎంపీయే వేయాలని లేదు. కేరళ ఎంపీ కూడా నిజామాబాద్ పసుపు మీద అడగవచ్చు.

పసుపు అన్నాను కాబట్టి ఆ కథే చెప్తా. మన రాష్ట్రంలో రాతపూర్వక జవాబు ఎట్లా పనికొస్తుందో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రాలు వరుసగా పేర్చాల్సి వచ్చింది. పసుపు బోర్డు కావాలి, పసుపుకు, ఎర్రజొన్నకు ధర కావాలి, ఇవీ వాళ్ల కోరికలు. గెలిచిన అభ్యర్థి బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చారు. ఆ తర్వాత ఏమైంది? ఊళ్లలో, సభల్లో "వస్తోంది, వస్తోంది" అనే మాట. 2020లో బోర్డు బదులు స్పైసెస్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం వచ్చింది, ఇది బోర్డుకన్నా మేలన్నారు. రైతుకు ఏది నమ్మాలో తెలియని పరిస్థితి. ఆ పరిస్థితిలో పార్లమెంటులో సభ్యులు పదే పదే అడిగారు: పసుపు బోర్డు పెట్టే ప్రతిపాదన ఉందా, లేదా? 2023 మార్చిలో కూడా కేంద్ర వాణిజ్య శాఖ రాతపూర్వకంగా చెప్పింది ఒకటే: అలాంటి ప్రతిపాదన లేదు, పసుపు వ్యవహారం స్పైసెస్ బోర్డే చూస్తుంది.

ఆ జవాబు రైతుకు చేదే. కానీ ఆ రోజుతో ఒక పని జరిగింది. "వస్తోంది" అనడానికి ఎవరికీ నోరు లేకుండా పోయింది. ఊళ్లో ఏ నాయకుడు వచ్చి బోర్డు గురించి మాట్లాడినా రైతులు జవాబు జిరాక్స్ చూపించగలిగారు. ఆరేడు నెలలు తిరిగేసరికి, 2023 అక్టోబర్ 1న ప్రధాని మహబూబ్‌నగర్ సభలో జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. 4న నోటిఫికేషన్ వచ్చింది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో బోర్డు ప్రారంభమైంది. ప్రశ్న వేసినందుకే బోర్డు వచ్చిందని నేను అనను. అది నిజం కాదు. రైతుల పోరాటం ఏళ్ల తరబడి ఉంది, పైగా అప్పటికి అసెంబ్లీ ఎన్నికలు నెత్తి మీదకు వచ్చాయి. ఆ జవాబు చేసిన పనల్లా దాక్కునే చోటు లేకుండా చేయడం. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. బోర్డు వచ్చింది సరే, కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు ఇంకా లేదు. ఆ ప్రతిపాదన ఉందా, లేదా? ఇదీ రాతలో రావాలి.

రెండో ఉదాహరణ ఢిల్లీ పోరాటం. 2021 నవంబర్ 29న మూడు సాగు చట్టాలు పార్లమెంటులో రద్దయ్యాయి. మర్నాడే, నవంబర్ 30న, లోక్‌సభలో వ్యవసాయ శాఖకు రాతపూర్వక ప్రశ్న వచ్చింది. పోరాటంలో చనిపోయిన రైతుల వివరాలు ఉన్నాయా, వాళ్ల కుటుంబాలకు ఆర్థిక సాయం చేస్తారా అని. అప్పటి మంత్రి నరేంద్ర సింగ్ తోమర్ జవాబు: మంత్రిత్వ శాఖ దగ్గర దీనికి సంబంధించిన రికార్డు లేదు, కాబట్టి ఆ ప్రశ్నే ఉత్పన్నం కాదు.

ఏడాది పాటు సింఘు, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దుల్లో చలికి, ఎండకు, ప్రమాదాలకు 700 మందికి పైగా చనిపోయారని సంయుక్త కిసాన్ మోర్చా చెబుతూనే ఉంది. ప్రభుత్వం దగ్గర ఒక్క పేరు లేదట. ఆ జవాబు వచ్చిన రోజు మనందరికీ కడుపు మండింది. అయితే ఆ జవాబు ఏం చేసిందో చూడండి. దేశమంతా చర్చ అయింది. వారం తిరిగేసరికి డిసెంబర్ 7న రాహుల్ గాంధీ లోక్‌సభలో లేచి, పంజాబ్ ప్రభుత్వం దాదాపు 400 కుటుంబాలకు పరిహారం ఇచ్చిందని చెప్పి, ఆ పేర్లు, హర్యానాకు చెందిన మరో 70 పేర్లు సభ ముందు పెట్టారు. రికార్డు లేదన్నారు కదా, ఇదిగో రికార్డు అన్నట్టు. డిసెంబర్ 9న కేంద్రం మోర్చాకు పంపిన లేఖలో పరిహారం విషయంలో హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాయని రాయాల్సి వచ్చింది. "ఉత్పన్నం కాదు" అన్న ప్రశ్న పది రోజుల్లో ఉత్పన్నమైంది. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా ఒక్కో కుటుంబానికి 3 లక్షల రూపాయలు ప్రకటించి, 2022 మేలో చండీగఢ్‌లో చెక్కులు ఇచ్చింది.

కాబట్టి "సమాచారం లేదు" అన్న జవాబు వస్తే ప్రశ్న వృథా అయిందని అనుకోవద్దు. ప్రభుత్వం ఎవర్ని లెక్కపెట్టడం లేదో ఆ జవాబే చెబుతుంది. లెక్క మనం పెట్టాలి, పెట్టి సభకు పంపాలి.

ఇక్కడే కౌలు రైతు సంగతి. మన రాష్ట్రంలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా ఉంది. పట్టాదారు పాసు పుస్తకం ఉండి, 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకమే, కాదనను. కానీ కౌలు రైతుకు పాసు పుస్తకం ఎక్కడిది? దేశంలో 2022లో వ్యవసాయం మీద బతికేవాళ్లలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. అందులో సాగుదారులు 5,207 మంది, కూలీలు 6,083 మంది. పార్లమెంటులో రైతు ఆత్మహత్యలపై ఎవరడిగినా ఈ సంస్థ పట్టికే జవాబుగా ఇస్తారు. పొలం ఇంకొకరి పేరు మీద ఉండి, అప్పు తన పేరు మీద ఉండి చనిపోయినవాడు మన మండలంలో ఏ లెక్కలో పడ్డాడు? దీన్ని అసెంబ్లీలో ఎట్లా అడగాలి? "కౌలు రైతులను ఎందుకు పట్టించుకోవడం లేదు" అని అడిగితే మంత్రి పది నిమిషాలు ఉపన్యాసం ఇస్తాడు. దానికి బదులు 2011లో వచ్చిన చట్టం ఉంది, కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలన్నది. ఆ చట్టం కింద ఏ సంవత్సరంలో, ఏ జిల్లాలో ఎన్ని కార్డులు ఇచ్చారు, ఎన్నింటి మీద బ్యాంకులు అప్పు ఇచ్చాయి అని అడగాలి. అంకె చెప్పక తప్పదు. సున్నా అయితే సున్నా అనే చెప్పాలి.

ప్రశ్న రాయడంలో కిటుకంతా ఇదే. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న సాధారణంగా 150 మాటలు దాటకూడదు. వాదన ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, నిందలు ఉండకూడదు, మంత్రి అభిప్రాయం అడగకూడదు, కోర్టులో నడుస్తున్న విషయం అడగకూడదు, ఇప్పటికే జవాబు వచ్చిన ప్రశ్న మళ్లీ అడగకూడదు. మనవాళ్లు రాసిన ప్రశ్నలు చాలావరకు ఇక్కడే కొట్టుకుపోతాయి. "రైతును నట్టేట ముంచుతున్న ఈ ప్రభుత్వం" అని మొదలుపెడితే అది గోడమీది నినాదానికి బాగుంటుంది, సెక్రటేరియట్ బల్ల దాటదు. కోపం ధర్నాలో చూపిద్దాం. ప్రశ్న మాత్రం మెత్తగా ఉండాలి, తప్పించుకోవడానికి సందు ఉండకూడదు.

ఇంకో రకం ప్రశ్న ఉంది, అది ప్రభుత్వానికి చాలా ఇష్టం. "రైతుల సంక్షేమానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలు ఏమిటి?" దీనికి మూడు పేజీల జవాబు వస్తుంది. అన్ని పథకాల పేర్లు ఉంటాయి. అధికార పార్టీ సభ్యులు కొందరు ఇటువంటివే వేస్తారు, మంత్రికి పొగడ్త రాసిచ్చినట్టు. మన సంఘం నుంచి అట్లాంటి ప్రశ్న ఒక్కటి కూడా పోకూడదు.

ఏ సభలో అడగాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. వ్యవసాయం, మార్కెట్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. వడ్ల కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తాకు కిలో, రెండు కిలోలు తరుగు తీస్తున్నారని లోక్‌సభలో అడిగితే "ఇది రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోది" అని ఒక్క ముక్కలో చేతులు దులుపుకుంటారు. అది అసెంబ్లీలో అడగాలి. మద్దతు ధర, ఎరువుల సబ్సిడీ, పత్తి దిగుమతి సుంకం, సీసీఐ కొనుగోళ్లు, ఎఫ్‌సీఐ బియ్యం, ఇవి పార్లమెంటులో. పంటల బీమా లాంటివి రెండు చోట్లా అడగాలి. ఎందుకంటే కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం వాటా కట్టలేదంటుంది, రాష్ట్రాన్ని అడిగితే కేంద్రాన్ని చూపిస్తుంది. మన రాష్ట్రం 2020 వానాకాలం నుంచి ఆ పథకం నుంచి బయటికి వచ్చింది. అంతకుముందు ప్రీమియం కట్టిన రైతుల బకాయిల గురించి ఒకే నెలలో రెండు సభల్లో అడిగి, రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎంత ఎగ్గొట్టారో తేలుతుంది.

ఇప్పుడు మనం కూర్చున్న చోటి సంగతికి వస్తా. ఇక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలో, కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. 1986 నుంచి 22 ఎకరాల్లో నడిచింది. మన నల్లగొండ బత్తాయి, మహబూబ్‌నగర్, ఖమ్మం, జగిత్యాల మామిడి అన్నీ ఇక్కడికే. ఎండాకాలం రాత్రిళ్లు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు నిండా మామిడికాయల డీసీఎంలే. ట్రాఫిక్ పెరిగింది, స్థలం చాలలేదు, మార్చాలన్నారు. అందులో నిజం లేదని నేను అనను. కోహెడలో 178 ఎకరాలు మార్కెట్‌కు ఇస్తామన్నారు. 2020 మేలో అక్కడ తాత్కాలిక షెడ్లు గాలివానకు కూలి జనం గాయపడ్డారు. మళ్లీ ఇక్కడికే వచ్చారు. 2021 సెప్టెంబర్ చివర్లో ఇక్కడ మూసేసి విజయవాడ రోడ్డు మీద బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు పంపారు, తాత్కాలికం అన్నారు. కమీషన్ ఏజెంట్లు హైకోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్ 26న పాత మార్కెట్ స్థలంలో పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి కావాలి, మన రోగులే అక్కడికి వస్తారు. కానీ రైతుకు పక్కా మార్కెట్ ఎప్పుడన్నది ఎవరు అడగాలి?

ఇందులో ఉన్న చిక్కు గమనించండి. కొత్తపేట ఎల్‌బీనగర్ నియోజకవర్గంలో ఉంది. బాటసింగారం, కోహెడ ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలో ఉన్నాయి. బత్తాయి, మామిడి పండించే రైతుల ఓట్లు ఈ రెండు చోట్లా కాదు, నకిరేకల్‌లో, దేవరకొండలో, కొల్లాపూర్‌లో, జగిత్యాలలో ఉన్నాయి. మార్కెట్ ఉన్న చోటి ఎమ్మెల్యేకు ఆ రైతు ఓటరు కాదు. రైతు ఓటు వేసిన ఎమ్మెల్యేకు ఆ మార్కెట్ తన ఊళ్లో లేదు. ఇద్దరి మధ్యా పడి ఎవరూ అడగరు. ప్రశ్న ఈ గోడను దాటిస్తుంది. 119 మందిలో, మంత్రులు కానివాళ్లు ఎవరైనా రాష్ట్రంలో ఏ మార్కెట్ గురించైనా అడగవచ్చు. శాసనమండలిలో 40 మంది ఉన్నారు, వాళ్లనూ మరిచిపోవద్దు.

మన అసెంబ్లీలో ప్రశ్న రాసే తీరు వేరు, "వాస్తవమేనా" అన్న మాటతో మొదలవుతుంది. నమూనాగా ఒకటి రాసుకొచ్చాను, చదువుతా:

"మార్కెటింగ్ శాఖ మంత్రిగారు ఈ క్రింది విషయాలు దయతో తెలియజేస్తారా: ఎ) గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి తాత్కాలికంగా మార్చిన విషయం వాస్తవమేనా, బి) అయినట్లయితే, కోహెడలో శాశ్వత మార్కెట్ నిర్మాణానికి నేటి వరకు మంజూరు చేసిన, ఖర్చు చేసిన మొత్తం సంవత్సరాల వారీగా ఎంత, సి) బాటసింగారం ప్రాంగణానికి అద్దె చెల్లిస్తున్నారా, అయితే సంవత్సరాల వారీగా ఎంత, డి) రైతుల సరుకుకు ఎన్ని చదరపు అడుగుల షెడ్డు, రాత్రి బసకు ఎన్ని గదులు, ఎన్ని కాంటాలు ఉన్నాయి, ఇ) కోహెడ మార్కెట్ ఏ తేదీ నాటికి పూర్తవుతుంది?"

ఎ) కి "అవునండి" అనక తప్పదు, అందరికీ తెలిసిన విషయం కాబట్టి. అదే "వాస్తవం కాదండి" అనే వీలు ఎ) లో ఇస్తే మిగతా నాలుగింటికీ కలిపి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రాసి చేతికిస్తారు. అందుకే మొదటి భాగంలో ఎవరూ కాదనలేని సంగతి పెట్టాలి. తరుగు గురించి అడిగేటప్పుడు కూడా "మిల్లర్లు దోచుకుంటున్నది వాస్తవమేనా" అంటే "లేదండి" వస్తుంది. "తరుగుపై ఈ సీజన్‌లో జిల్లాల వారీగా ఎన్ని ఫిర్యాదులు అందాయి, ఎన్నింటిపై చర్య తీసుకున్నారు" అంటే తప్పించుకోలేరు. అయితే ఫిర్యాదు ముందు మనం రాసి ఇచ్చి, రసీదు తీసుకొని ఉండాలి. నోటితో గొడవపడి వచ్చేస్తే ఆ లెక్కలో మనం ఉండం.

సమాచార హక్కు దరఖాస్తు ఉంది కదా, ఇదంతా ఎందుకని యువకులు అడుగుతుంటారు. అదీ వేయాలి. ముందు దరఖాస్తు వేసి ఆఫీసు లెక్క తెప్పించుకుంటే ప్రశ్న ఇంకా పదునుగా రాయవచ్చు. కానీ దరఖాస్తుకు జవాబిచ్చేది ఆఫీసులో ఒక అధికారి. సభలో జవాబిచ్చేది మంత్రి. కావాలని సభను తప్పుదారి పట్టిస్తే సభాహక్కుల నోటీసు ఇవ్వవచ్చు. ఒక చిన్న ప్రశ్న ఎంతదాకా పోతుందో చెప్పాలంటే 1957 చూడండి. ఎల్‌ఐసీ డబ్బుతో ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొన్నారా అని రామ్ సుభగ్ సింగ్ లోక్‌సభలో అడిగాడు. జవాబు దాటవేసినట్టుంది. ఫిరోజ్ గాంధీ దాన్ని పట్టుకొని వదల్లేదు. విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆయన ప్రధాని నెహ్రూకు కావలసినవాడు, ఫిరోజ్ గాంధీ నెహ్రూ అల్లుడు, ఇద్దరూ అధికార పార్టీయే. అట్లాంటి సభ్యులు ఇప్పుడు ఏ పార్టీలో ఉన్నారో మీరే వెతకండి.

జవాబు వచ్చాక పని అయిపోదు. మంత్రులకు బాగా ఇష్టమైన మాటలు రెండున్నాయి. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం", "విషయం పరిశీలనలో ఉంది". వీటిని చూసి మనం నిట్టూర్చి వదిలేస్తాం. పార్లమెంటులో ఇట్లాంటి మాటలను హామీగా లెక్కగడతారు. హామీల మీద ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది, లోక్‌సభలో 1953 నుంచి పని చేస్తోంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే శాఖ గడువు పొడిగించమని కమిటీని అడగాలి. చాలా హామీలు ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉంటాయన్నది నిజమే. అందుకే మూడు నెలలు కాగానే ఆ ఎంపీకి గుర్తు చేయాలి. ఆయన నెత్తిన వంద పనులుంటాయి, మన ప్రశ్న మనకే గుర్తుంటుంది. పార్లమెంటు జవాబులన్నీ సంసద్ వెబ్‌సైటులో ఉంటాయి, సెల్‌ఫోన్‌లోనే చూసుకోవచ్చు. మండలానికి ఒక కుర్రాణ్ని ఈ పనికి పెట్టండి. ఇంగ్లిషు చదవగలిగితే చాలు.

ఈ పద్ధతిలో లోపాలు లేవని నేను చెప్పను. 2005లో ప్రశ్న అడగడానికి డబ్బు తీసుకుంటూ 11 మంది ఎంపీలు కెమెరాకు చిక్కారు. డిసెంబర్ 23న రెండు సభలూ వాళ్లను బయటికి పంపాయి. ప్రశ్నకు ధర ఉందంటే దానికి విలువ ఉందనే కదా, కొనేవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. 2020 సెప్టెంబర్‌లో కరోనా పేరు చెప్పి పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయమే ఎత్తేశారు. సాగు చట్టాలు ఆమోదించుకున్నది ఆ సమావేశాల్లోనే. రాతపూర్వక ప్రశ్నలు మాత్రం ఉంచారు. మంత్రి ఎదురుగా నిలబడి అనుబంధ ప్రశ్న అడిగే వీలు లేకుండానే ఆ చట్టాలు గట్టెక్కాయి. ఇక మన అసెంబ్లీ సంగతి మీకు తెలిసిందే, ఏ పార్టీ ప్రభుత్వమైనా సభ నడిచే రోజులు తక్కువ. సభ కూర్చోకపోతే ప్రశ్న ఎవరికి వేస్తాం? సభ ఎక్కువ రోజులు నడపాలన్నది కూడా రైతు సంఘం డిమాండే కావాలి. మన తీర్మానాల్లో ఇప్పటిదాకా ఆ మాట లేదు, ఈసారి మహాసభలో పెట్టాలని నేను కోరుతున్నా.

సరే, పనిలోకి వద్దాం. రాబోయే సమావేశాలకు మూడు అంశాలు అనుకున్నాం: కోహెడ మార్కెట్, కొనుగోలు కేంద్రాల్లో తరుగు, కౌలు రైతుల కార్డులు. ప్రతి మండల కమిటీ తరుగుకు సంబంధించిన కాంటా చీటీలు, మార్కెట్ తక్‌పట్టీలు జిరాక్స్ తీసి జిల్లా కమిటీకి పంపాలి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ ఇవ్వొద్దు. కౌలు రైతుల పేర్లు, సర్వే నంబర్లు, ఎన్నేళ్లుగా కౌలు చేస్తున్నారన్నది ఒక కాగితం మీద రాసి పంపండి. చనిపోయినవాళ్లు ఉంటే వాళ్ల కుటుంబాన్ని అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే పేరు రాయండి. నోటీసుకు గడువు ఉంటుందని చెప్పాను కదా, సమావేశాల తేదీ ప్రకటించాక మొదలుపెడితే అందదు. ఈ నెలాఖరుకల్లా కాగితాలు వస్తే ముసాయిదా రాసి, ప్రతి పార్టీలోనూ కనీసం ఒక సభ్యుడికి చేతికిచ్చి వద్దాం. భోజనాలకు ఇంకా అరగంట టైముంది, ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.